శిక్షణలో ఆహ్లాదకర వాతావరణం

గత భాగంలో నైపుణ్యాలను నేర్పే క్రమాన్ని తెలుసుకున్నారు. ఆ క్రమం ఎంత చక్కగా ఉన్నా, పిల్లలు మరునాడు మైదానానికి రాకపోతే ప్రయోజనం లేదు.

గోదావరిఖనిలో సింగరేణి కార్మికుల పిల్లలకు మీరు వేసవిలో కబడ్డీ నేర్పుతున్నారనుకోండి. ఔటైన ఆటగాడు, తన జట్టు ప్రత్యర్థిని ఔట్ చేసేదాకా బయట కూర్చోవాలి. పోటీకి ఇది సరైన నియమమే. శిక్షణలో మాత్రం బలహీనుడే ముందు ఔటై ఎక్కువసేపు కూర్చుంటాడు. సాధన ఎవరికి ఎక్కువ అవసరమో వారికే ఆట తక్కువ దొరుకుతుంది. కాబట్టి ఏడుగురి జట్లకు బదులు ముగ్గురేసి జట్లు చేయండి. రైడు గడువు 30 సెకన్లే కదా, ఔటైనవారిని ఒక్క రైడు ముగియగానే లోపలికి పిలవండి.

తప్పు చేస్తే మైదానం చుట్టూ పరుగెత్తించడం మన దగ్గర పాత అలవాటు. పరుగే శిక్ష అయ్యాక దాన్ని ఎవరు ఇష్టపడతారు? రామగుండంలో ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో అది ప్రమాదం కూడా. సాధన ఉదయమే ముగించండి, నీళ్ళ విరామాలు ముందే నిర్ణయించండి.

స్వేచ్ఛ, సామర్థ్యం, అనుబంధం అనే మూడు అవసరాలు తీరితే అంతర్గత ప్రేరణ నిలుస్తుందని మనోవిజ్ఞానవేత్తలు డెసీ, రయన్ వివరించారు. పేరుపెట్టి పిలవడం అనుబంధాన్ని పెంచుతుంది. “శభాష్” అని ఊరుకోక, “చీలమండ గట్టిగా పట్టావు” అంటే తన సామర్థ్యం పిల్లవాడికి తెలుస్తుంది. చివరి పది నిమిషాలు ఏం ఆడాలో వాళ్ళనే ఎంచుకోనివ్వండి.

రాత్రి షిఫ్టు దిగి నేరుగా మైదానానికి వచ్చిన తండ్రి, గీత అవతలి నుంచి కొడుకును కసురుకోవచ్చు. ఆయనతో వాదించకండి; స్కోరు రాసే పని అప్పగించండి.