రాయవేలూరు గగనంలో తడబడని విమానం

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అబ్దుల్లాపురం దగ్గరున్న వేలూరు విమానాశ్రయం నుంచి లేచి, పాలారు దాటి గుడియాత్తం చేరడం కొద్ది నిమిషాల పని. ఆ కాసేపట్లోనే బొమ్మ తడబడితే లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. రిజల్యూషన్ తగ్గించి చూస్తే తెలిసిపోతుంది. వేగం పెరిగితే భారం గ్రాఫిక్స్ కార్డుది, పెరగకపోతే ప్రాసెసర్‌ది. ఈ పరీక్ష చేయకుండానే కొత్త కార్డు కొనేవాళ్లూ ఉంటారు.

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మేఘాల నాణ్యత, నీడలు, రిజల్యూషన్ కార్డును అలసిపోయేలా చేస్తాయి. మేఘాలను అల్ట్రా నుంచి హైకి దించితే కంటికి పెద్ద తేడా కనిపించదు, కార్డుకు మాత్రం ఊపిరి అందుతుంది. దూరపు కొండలు, ఇళ్లు ఎంత వివరంగా కనిపించాలో చెప్పే టెర్రైన్ స్లైడర్, విమానాశ్రయంలో కదిలే వాహనాలు ఎక్కువగా ప్రాసెసర్ వాటా. టెక్స్చర్లు వీడియో మెమరీని తింటాయి. అది నిండిపోతే విమానం ఆగి ఆగి కదులుతుంది. ఏటవాలుగా కనిపించే రన్‌వే గీతలను స్పష్టం చేసే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ 16కు పెట్టినా ఖర్చు స్వల్పమే.

వేలూరు ఎండ వేరే సమస్య. మేలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో కార్డు త్వరగా వేడెక్కి, తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. దీనికి మందు ఫ్రేముల పరిమితి. 60 హెర్ట్జ్ తెరకు సెకనుకు 30 ఫ్రేములు చాలు. కాల్పుల ఆటల్లా ఇక్కడ కనురెప్పపాటు తొందర లేదు. 25, 50 మధ్య ఊగే వేగం కన్నా కదలని 30 నయం.