మోటారు పందెములు — ప్రాణరక్షణ



జీవితమంతయు బడిలో వ్యాకరణము చెప్పుకొన్నవానికి మోటారు పందెములతో నేమి పని యని మీరడుగవచ్చును. కారణము విన్నవించెదను. 2023 వ సంవత్సరము ఫిబ్రవరి 11 వ తేదీన హైదరాబాదులో, హుస్సేన్ సాగరపు గట్టున, విద్యుచ్ఛక్తితో నడచు బండ్ల పందెము జరిగినది. అది మొదలు మా యింటి అరుగుమీద నా మనుమలిద్దరికిని ఒకటే వాదము. "ఇంజను శక్తిని తగ్గించి, చక్కని బాటను వంకరలు త్రిప్పి, తలపై కమ్మి కట్టి పరుగెత్తుమన్నచో ఇక శౌర్యమెక్కడ, తాతగారూ?" అని పెద్దవాడు. "చచ్చినవానికి గెలుపెందుకు?" అని చిన్నవాడు. ఇద్దరును నన్ను తీర్పు చెప్పుమనిరి. తెలియని విషయమున తీర్పు చెప్పుట పెద్దరికము కాదు గనుక, ముందుగా తెలిసికొన యత్నించితిని. తెలిసినంతవరకు మీ యెదుట నుంచుచున్నాను.

లోకమున మిక్కిలి ప్రసిద్ధమైన మోటారు పందెమునకు ఫార్ములా వన్ అని పేరు. దాని ప్రపంచ విజేతృత్వపు పోటీలు 1950 లో ఆరంభమైనవి. ఫార్ములా యనగా సూత్రము. బండి బరువెంత, ఇంజను పరిమాణమెంత యని అందరును ఒప్పుకొని పాటించు నియమావళియే ఆ సూత్రము. కావున నియమములు బయటినుండి వచ్చి ఈ క్రీడను బంధించినవని చెప్పుట సరికాదు. నియమమే దాని పేరు.

ఇక వేగమునుగూర్చి ఒక చిన్న లెక్క. బండి వేగము రెండింతలైనచో దాని తాకిడి శక్తి నాలుగింతలగును. మూడింతలైనచో తొమ్మిదింతలగును. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున పోవు బండికంటె, అంతే బరువు గలిగి 300 కిలోమీటర్ల చొప్పున పోవు బండియందు 225 ఇంతల శక్తి యుండును. బండి అదుపు తప్పినప్పుడు ఈ శక్తి యంతయు ఎక్కడనో ఖర్చు కావలెను. దానికి మూడే ఉపాయములు గలవు. అంత శక్తి పుట్టకుండ ఇంజనుకు కట్టడి చేయుట ఒకటి. పుట్టిన శక్తి మెల్లమెల్లగా అణగుటకు బాట ప్రక్కన చోటిచ్చుట రెండవది. మిగిలినది మనిషికి తగులకుండ కవచము కల్పించుట మూడవది. ఈ క్రీడాభిమానులు దేశదేశములలో చేయు వాదములన్నియు ఈ మూడింటి చుట్టును తిరుగుచున్నవి.

మొదట బాటను చూతము. 1955 జూన్ 11 వ తేదీన ఫ్రాన్సు దేశమున లెమాన్ అనుచోట ఇరువదినాలుగు గంటల పందెము జరుగుచుండెను. ఒక బండి వేరొకదానిని వెనుకనుండి తాకి, గాలిలోకి లేచి, మట్టికట్టను గొట్టుకొని పగిలిపోయెను. దాని ముక్కలు జనసమూహముపై పడెను. ఎనుబదిమందికి పైగా ప్రేక్షకులు మరణించిరి. బాట ఇరుకు, జనము బాటను అంటియుండిరి, నడుమ మట్టికట్ట తప్ప వేరు రక్షణ లేదు. ఆ ఘోరము చూచి స్విట్జర్లాండు దేశము తన గడ్డపై ఇట్టి పందెములనే నిషేధించెను. లెమాన్‌లో ఆ తరువాత బాటను వెడల్పు చేసి, జనమును వెనుకకు జరిపిరి.

ప్రేక్షకులకు రక్షణ కలిగినను చోదకులకు కలుగలేదు. 1966 లో బెల్జియము దేశపు స్పా బాటపై వర్షములో జాకీ స్టూవర్టు అను స్కాట్లండు చోదకుని బండి త్రోవ తప్పి పడిపోయెను. పెట్రోలు కారి ఒడలంతయు తడిసెను. ఒక్క నిప్పురవ్వ చాలును! కాలు సేతులు కదలింప వీలులేక ఆయన సుమారు 25 నిమిషములు అందులోనే చిక్కుకొనియుండెను. తోటి చోదకులిద్దరు ఒక ప్రేక్షకునియొద్ద పానా ఎరువు తెచ్చి, చక్రమును ఊడదీసి, ఆయనను వెలికి తీసిరి. కోట్ల ఖరీదు చేయు పందెములో ప్రాణము నిలిపినది ఎరువు పానా! అది మొదలు స్టూవర్టు బాటల ప్రక్క ఇనుపకమ్మీలు, వైద్యులు, అగ్నిమాపక సాధనములు ఉండవలెనని పోరాడెను. పలువురు ఆయనను పిరికివాడనిరి. ఆ "పిరికివాడు" 1969, 1971, 1973 సంవత్సరములలో మూడు మారులు ప్రపంచ విజేత యయ్యెను.

ఇంజను కథ వేరు. 1986 నాటికి ఒకటిన్నర లీటరు ఇంజనుకే గాలిని ఒత్తిడితో నెట్టు టర్బో యంత్రము కట్టి, పందెమునకు ముందు జరుగు అర్హత పరుగులలో వేయి గుర్రముల శక్తికి మించి పుట్టించుచుండిరి. 1987 లో ఆ గాలి ఒత్తిడికి హద్దు విధించిరి. 1989 లో టర్బోనే నిషేధించి, 3.5 లీటర్ల ఇంజను అనుమతించిరి. కాని చెరువుగట్టుకు ఒకచోట గండి పూడ్చిన నీరు వేరొకచోట గట్టు త్రెంపునట్లు, ఇంజనీరులు ఆ ఇంజనునుండియే క్రమముగా శక్తిని పిండిరి.

1994 లో ఇటలీ దేశపు ఇమోలా బాటపై రెండు కథలును కలిసినవి. ఏప్రిలు 30 న రోలాండ్ రాట్జెన్‌బర్గరు, మే 1 న మూడు మారులు ప్రపంచ విజేతయైన బ్రెజిలు చోదకుడు ఎయిర్టన్ సెన్నా మరణించిరి. సెన్నా పడిన మలుపు పేరు టాంబురెల్లో. మిక్కిలి వేగముగా పోవు మలుపు, ప్రక్కనే సిమెంటు గోడ. ఆ గోడను వెనుకకు జరుపుదమన్న వెనుక ఏరు పారుచున్నది. ఐదేండ్ల ముందు, 1989 లో, గెర్హార్డ్ బెర్గరు ఆ గోడనే గ్రుద్దుకొని మంటలలో చిక్కి బ్రతికి బయటపడెను. హెచ్చరిక రాకపోలేదు, వచ్చినదానిని వినలేదు. మరుసటి ఏడు ఇంజనును 3 లీటర్లకు తగ్గించిరి. గోడ జరుగదు గనుక, మలుపునకు ముందే వేగము తగ్గునట్లు బాటనే వంకరగా మలచిరి. నా పెద్దమనుమడు ఆక్షేపించు వంకరలు ఇట్లు పుట్టినవి.

అతని మాటలోను సత్యము లేకపోలేదు. ప్రతి చికిత్సయు ఒక క్రొత్త రోగమును తెచ్చుచున్నది. మలుపు ప్రక్కన కంకర పోసినచో తప్పు చేసినవాడు అందులో దిగబడి శిక్ష ననుభవించును. కాని బండి అందులో గుచ్చుకొని పల్టీ కొట్టవచ్చును. కంకరకు మారుగా తారు పరచినచో చోదకుడు బ్రేకు వేసి నిలదొక్కుకొనగలడు. కాని హద్దు దాటియు నష్టపడకపోవుటచే, దాటుటయే లాభమని దాటుచుండును. అప్పుడు హద్దు కాచుటకు న్యాయనిర్ణేతలు కావలెను. ఇంజనుల విషయమును ఇట్టిదే. 2014 లో 1.6 లీటర్ల టర్బో ఇంజనుకు విద్యుత్తును జతపరచి, ఇంధనము గంటకు 100 కిలోలకు మించరాదని నియమించిరి. పొదుపు పెరిగినది, ధ్వని తగ్గినది. ఆ గర్జన వినుటకే వచ్చు అభిమానులు మిక్కిలి నొచ్చుకొనిరి. సవాలును, చవిని చంపక ప్రాణమును కాపాడు నియమమును కనుగొనుట సులభము కాదు.

మూడవ ఉపాయము కవచము. 2018 లో చోదకుని తలచుట్టు హేలో అను టైటానియము లోహపు చట్రమును తప్పనిసరి చేసిరి. చూపునకు వికారముగా నున్నదని అభిమానులనేకులు గొణిగిరి. రొమైన్ గ్రోజాన్ అను ఫ్రెంచి చోదకుడు కూడ దానిని వలదనెను. 2020 నవంబరు 29 న బహ్రెయిను పందెములో ఆ గ్రోజాన్ బండియే ఇనుప అడ్డుకమ్మీని చీల్చుకొని దూరి, రెండు తునకలై మండెను. తలకు తగులవలసిన కమ్మీని హేలో ఆపినది. సుమారు 28 సెకండ్లలో ఆయన మంటలనుండి తనంత తానే బయటకు వచ్చెను. దానిని వలదనుట తన పొరపాటని పిమ్మట ఆయనయే ఒప్పుకొనెను. అయినను అడ్డుకమ్మీ అట్లు చీలుట బాటలోని లోపమే గదా! ఒక ఉపాయము తప్పినచోట వేరొకటి ఆదుకొన్నది. మూడును కావలెననుటకు ఇంతకంటె దృష్టాంతమేమి?

ఇక శౌర్యమునుగూర్చి. 1976 ఆగస్టు 1 న జర్మనీ దేశమున నూర్బర్గ్‌రింగ్ బాటపై పందెము. బాట పొడవు సుమారు 22.8 కిలోమీటర్లు, అంత దూరమున సహాయకులు ఎక్కడని నిలుతురు? ఆస్ట్రియా దేశపు నికీ లౌడా, ముందటేటి ప్రపంచ విజేత, ఈ పందెము మానుదమని తోటివారిని కోరెను. ఓట్లలో ఆయన మాట వీగిపోయెను. ఆ పందెములో ఆయన బండియే మండెను. తోటి చోదకులు మంటలలోనికి చొచ్చి ఆయనను లాగిరి. ముఖము కాలి, ఊపిరితిత్తులు చెడి, మరణశయ్యపై నుండిన ఆ మనిషి ఆరు వారములకే మరల పందెమునకు వచ్చెను. ఆ యేటి చివరి పందెము జపాను దేశమున కుండపోత వర్షములో జరిగెను. రెండు చుట్లు తిరిగి లౌడా బండిని ఆపి దిగిపోయెను. ప్రపంచ విజేతృత్వము ఒక్క అంకముతో చేజారెను. మరుసటి ఏడు దానిని మరల గెలుచుకొనెను.

కాలిన గాయములతో బండి ఎక్కుట శౌర్యమా, కిరీటము పోవునని తెలిసియు దిగుట శౌర్యమా? రెండును శౌర్యమే యని నా తలంపు. మొదటిదానికి లోకము చప్పట్లు కొట్టును; రెండవదానికి ఎవరును కొట్టరు. మనుమలకు నేను చెప్పిన తీర్పు ఇదియే: "పెద్దవాడా, కష్టమును తీసివేయవలదని నీవనుట న్యాయమే. చోదకుని నేర్పునకు పరీక్ష యుండవలసినదే. కాని పరీక్షలో తప్పినవానికి మరణదండన విధించు బడి ఏ లోకమునను లేదు."

పెద్దలారా, మన పండుగలలోను ఎడ్లబండ్ల పందెములు జరుగుచున్నవి. జనము బాటను అంటి, పసిపిల్లలను ముందు నిలుపుకొని చూచుచున్నారు. లెమాన్‌లో జనము నిలిచినదియు అట్లే. బెదరిన ఎద్దునకు హద్దుగీత తెలియదు. రాబోవు పండుగకు ముందుగా ఒక త్రాడు కట్టించి, జనమును పది బారలు వెనుకకు జరిపించుడు. పిరికితనమని ఎవరైన నవ్వినచో స్టూవర్టు కథ చెప్పుడు. ఇతరుల కన్నీటితో వ్రాసిన పాఠమును మన కన్నీటితో మరల వ్రాసికొన నక్కరలేదు.

సెలవు.