ద్వీపమునకు కావలి

1965 డిసెంబరు 8వ తేదీన, స్వాతంత్ర్యము వచ్చిన పిదప తొలిసారిగా, సింగపూరు పార్లమెంటు సమావేశమైనది. అంతకు ముందు మలేషియా సైన్యమునకు చెందిన బ్రిగేడియరొకరు ప్రధానమంత్రి లీ క్వాన్ యూ కడకు వచ్చి, తమ మోటారుసైకిలు భటులే ఆయన కారుకు ముందు నడచి పార్లమెంటు భవనమునకు తోడ్కొనిపోవలెనని పట్టుపట్టెను. సింగపూరు మలేషియా నుండి విడివడి అప్పటికి నాలుగే నెలలు. కాదనుటకు ప్రధాని చేతిలో చెప్పుకొనదగిన సైన్యము లేదు. ఆ భటులు ముందు సాగగా ఆయన సభకు వెళ్లెను. ఈ సంగతిని లీ తన స్మృతులలో స్వయముగా వ్రాసికొనెను. ఆ దేశపు రక్షణశాఖ కథను ఇక్కడినుండి ఆరంభించుటయే ఉచితమని నాకు తోచినది.

అప్పటి సింగపూరు సుమారు 580 చదరపు కిలోమీటర్ల ద్వీపము. జనసంఖ్య 19 లక్షలకు లోపు. సైన్యమన రెండే కాల్బలపు పటాలములు. అవియు మలేషియా సేనాని ఆజ్ఞకు లోబడి ఉండెడివి. కొత్త ప్రభుత్వము పోలీసును, సైన్యమును ఒకే శాఖగా కూర్చి, అంతవరకు ఆర్థికమంత్రిగా ఉండిన గో కెంగ్ స్వీకి అప్పగించెను. ఈయన లండనులో అర్థశాస్త్రము చదివిన పండితుడు. ఇక సైనికానుభవమందురా, 1942లో సింగపూరు జపానుకు లొంగిపోవునాటికి స్వచ్ఛంద దళములో కార్పొరలుగా ఉండుటయే. లెక్కలు చూచువాని చేతికి కత్తి నిచ్చినట్లున్నదని మనకు తోచవచ్చును. కాని ఆ లెక్కలే తరువాత అక్కరకు వచ్చినవి.

సహాయము కొరకు లీ మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రికి, ఈజిప్టు అధ్యక్షుడు నాసరుకు లేఖలు వ్రాసెను. శాస్త్రిగారి నుండి శుభాకాంక్షలు వచ్చినవి. సైనిక సలహాదారుని ప్రసక్తి మాత్రము రాలేదు. మనకును అది పాకిస్తానుతో యుద్ధము జరిగిన సంవత్సరమే గదా! ఈజిప్టు నుండియు కోరిన సహాయము అందలేదు. తుదకు ఇజ్రాయెలు నుండి నిపుణులు వచ్చిరి. ఇరుగుపొరుగున ఉన్నవి ముస్లిములు అధికముగా గల దేశములు. అందుచే వారిని 'మెక్సికనులు' అని పిలుచుచు గుట్టు కాపాడిరి.

జీతములిచ్చి పెద్ద సేనను పోషించుటకు చిన్న దేశమునకు ధనము చాలదు; అందరును సైనికులైనచో కర్మాగారములలో పని చేయువారుండరు. కనుక యువకులకు శిక్షణ యిచ్చి ఇండ్లకు పంపి, ఆపద వచ్చినప్పుడు మరల పిలుచుటకు నిశ్చయించిరి. చెప్పినంత తేలికయా ఇది? 1954లో బ్రిటిషువారు ఇట్టి నిర్బంధ సేవనే తలపెట్టగా చైనా పాఠశాలల విద్యార్థులు వీధులకెక్కిరి. మే 13న పోలీసులతో ఘర్షణ జరిగినది. మంచి ఇనుముతో మేకులు చేయరు, మంచి కొడుకును సిపాయిని చేయరు అని చైనీయులలో సామెత కలదు.

అయినను 1967 మార్చిలో శాసనము వచ్చినది. సుమారు 9,000 మంది యువకులు పేర్లు నమోదు చేసికొనిరి. వారిలో 900 మందిని ఏరి, ఆగస్టులో పూర్తికాల శిక్షణకు పిలిచిరి. పేటపేటను విందులు చేసి, పెద్దలు దగ్గరుండి వారిని సాగనంపిరి. ఆయుధములు డబ్బుకు దొరకును. ఆ ఏటి పనులన్నిటిలో తల్లులను ఒప్పించుటయే కష్టతరమని నేననుకొందును. ఈ కథలో మచ్చయు ఒకటి లేకపోలేదు. తొలి దశాబ్దమున మలయ్ యువకులను అంతగా పిలువలేదు. ఆ మనస్తాపము చాలకాలము నిలిచినది.

1968 జనవరిలో పిడుగు వంటి వార్త వచ్చినది. 1971 ముగియులోపల తమ సేనలను ఉపసంహరింతుమని బ్రిటను ప్రకటించెను. వారి స్థావరముల వలననే దేశాదాయములో ఇంచుమించు ఐదవవంతు సమకూరుచుండెను. ఆ ఏడు సెప్టెంబరులోనే వైమానిక రక్షణ దళమును నెలకొల్పిరి. పని పెరిగిపోగా 1970 ఆగస్టు 11న శాఖను రెండుగా విభజించిరి. పోలీసు వ్యవహారములు హోంశాఖకు పోయినవి. రక్షణ మంత్రిత్వశాఖ వేరుగా నిలిచినది. నడుమ కొంతకాలము ఆర్థికశాఖకు మరలిన గో, 1979 వరకు ఈ కొత్త శాఖకు మంత్రిగా ఉండెను.

నేడు యువకులు రెండేండ్లు పూర్తికాల సేవ చేయుదురు. పిమ్మట ఉద్యోగ వ్యాపారములలో నుండగనే, ఏటేట కొన్నాళ్లు శిక్షణకు పోవుచుందురు. ఇట్లు ఇంటింటి నుండి బిడ్డలను తీసికొను శాఖ వారి ప్రాణములకును జవాబు చెప్పవలసియున్నది. 2019 జనవరిలో న్యూజిలాండునందు ఫిరంగిదళపు శిక్షణలో ఒక యువకుడు మరణించినప్పుడు దేశమంతయు కలతచెందెను. మంత్రి పార్లమెంటులో వివరణ యిచ్చెను. శిక్షణ వేగమును తగ్గించి, భద్రతను తనిఖీ చేయుటకు ప్రత్యేక కార్యాలయమును ఏర్పరచిరి.

శిక్షణకు న్యూజిలాండు దాకా పోవుటయేల అందురేమో! ఫిరంగి పేల్చిన గుండు పడుటకైనను ఆ ద్వీపమున చోటు చాలదు. అందుచే ఆస్ట్రేలియా, తైవాను, బ్రూనై మొదలగు చోట్లకు పోవుదురు. మన దేశమునకును వత్తురు. 1994 నుండి మన నౌకాదళముతో కలిసి సింగపూరు నౌకలు విన్యాసములు జరుపుచున్నవి. 2024 అక్టోబరులో అవి విశాఖపట్నమున జరిగినవి.

రేడియో శ్రోతలకు ఆసక్తి కలిగించు విషయమొకటి మిగిలినది. ఇండ్లలో నున్న సైనికులను ఒక్కుమ్మడిగా పిలుచుటకు ఆ శాఖ ప్రసారముల సాయము కూడ పొందుచున్నది. కార్యక్రమము నడుమ రేడియోలోను, టెలివిజనులోను, సినిమాశాలల తెరపైనను కొన్ని సంకేతనామములు వినవచ్చును, కనవచ్చును. ఏ పేరు ఏ దళముదో ఆ దళమువారికి ఎరుక. తమ పేరు వినబడినవాడు భోజనపు పళ్లెము ముందునుండి లేచి, మూటగట్టి ఉంచుకొనిన సామగ్రి భుజమున వేసికొని, నియమిత కాలములోపల శిబిరము చేరవలెను. తక్కిన ఇంటివారు రేడియో కట్టివేయక, తరువాతి పేర్లు వినుచు కూర్చుందురు.