బొమ్మ దీపమైంది.. కథ మనమే చెప్పాలి

సిరొంచలో మన పిల్లలకు ఇంట్లో తెలుగు, బజారులో, ఆఫీసుల్లో మరాఠీ. దీనికి సరిగ్గా తిరగేసిన ఊరు ఒకటి ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అది శ్రీసత్యసాయి జిల్లా, ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట. అక్కడి తోలుబొమ్మల కళాకారుల పూర్వికులు మహారాష్ట్ర నుంచి వెళ్లినవారు. ఇంట్లో వారి మాట మరాఠీ. తెర వెనుక నిలబడితే మాత్రం రామాయణమంతా తెలుగులోనే! కేతిగాడు, బంగారక్క నవ్వించేదీ తెలుగులోనే.

బొమ్మకు ఎక్కువగా మేక తోలు వాడతారు. నానబెట్టి, వెంట్రుకలు తీసి, గీకి శుభ్రం చేసి, బిగించి ఎండబెడితే వెలుగు లోపలి నుంచి కనిపించేంత పలచన అవుతుంది. దానిపై గీతలు గీసి, ఉలులతో చిల్లులు కొట్టి, రెండు వైపులా రంగులు వేస్తారు. ఆ చిల్లులే తెర మీద నగలై మెరుస్తాయి.

సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా సాగే ఆటలు తగ్గాయి. బతుకుతెరువు కోసం అదే తోలుతో, అదే ఉలితో ల్యాంప్‌షేడ్లు, గోడకు తగిలించే పటాలు, తలుపు తోరణాలు చేయడం మొదలుపెట్టారు. థాయ్‌లాండ్‌లో నాంగ్ తలుంగ్ నీడబొమ్మలు చెక్కేవారూ ఇంటి అలంకరణ వస్తువులు చేసి అమ్ముతున్నారు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

చేతిపని నిలిచింది, సంతోషమే. కానీ ల్యాంప్‌షేడ్ మీది హనుమంతుడు మాట్లాడడు. అతనికి గొంతు ఇవ్వాల్సింది ఆ ఇంటివాళ్లే.

ఈమధ్య మా తరగతిలో డ్రాయింగ్ షీటు మీద హనుమంతుణ్ణి గీయించాను. కొబ్బరినూనె రాస్తే కాగితం తోలులా వెలుగును వదులుతుంది. కత్తిరించే పని నేను చూసుకున్నాను, దబ్బనంతో చిల్లులు పిల్లలు పొడిచారు. వెనక ఎల్‌ఈడీ టార్చి పెట్టాం (కొవ్వొత్తి వద్దు, నూనె కాగితం అంటుకుంటుంది). కథ చెప్పమంటే ఒక అబ్బాయి ‘మారుతి శేపూట్‌కి నిప్పు పెట్టారు’ అన్నాడు. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి ‘తోక’ అని అందించింది. ఎవరూ నవ్వలేదు. వాడు ‘తోక’ అని మళ్లీ చెప్పి, లంక కాలేదాకా ఆగలేదు.

మరాఠీ రావడం తప్పు కాదు, ఇక్కడ అది అవసరం. కానీ ఇంటి మాట మరాఠీ అయినవారు తెలుగు కథను తరాల పాటు మోశారే! ఇంటి మాటే తెలుగైన మనం ఇంకెంత మోయాలి?

ఈ ఆదివారం అమ్మానాన్నలు ఒక బొమ్మ చేయించండి. రాత్రి లైటు ఆర్పి, గోడ మీద నీడ పడేలా పట్టుకుని, మీకు తెలిసిన కథ మీ తెలుగులోనే చెప్పండి. మర్నాడు అదే కథను పిల్లల చేత చెప్పించండి.