ఎండు తెగులు – మేలుచేయు బాక్టీరియా

సూక్ష్మజీవి అనగానే మనకు కలరా, క్షయ వంటి వ్యాధులే స్ఫురిస్తాయి. కాని నేలలోని బాక్టీరియాలో కొన్ని పైరుకు రక్షకులుగా కూడా ఉన్నవి. కందిని పీడించే ఎండు తెగులు ఇందుకు చక్కని ఉదాహరణ.

ఈ తెగులుకు కారణం ఫ్యుజేరియం ఉడమ్ అనే శిలీంధ్రం. ఇది పంట మోళ్లను ఆశ్రయించి కొన్ని ఏళ్లపాటు నేలలో జీవించగలదు. వేళ్లగుండా ప్రవేశించి, నీటిని పైకి చేరవేసే దారునాళాలను ఆక్రమిస్తుంది. అందువలన నేలలో తేమ ఉన్నప్పటికీ మొక్క వాడిపోతుంది. కాండమును చీల్చి చూచిన లోపల నల్లని చారలు కనబడతాయి. పూత, కాయ దశలలో ఈ నష్టం ప్రస్ఫుటమగును. అప్పటికి రైతు పెట్టుబడి యావత్తు నేలపాలై ఉంటుంది. తాండూరు వంటి మెట్ట ప్రాంతాల కంది రైతుకు ఇది జీవన సమస్య. నేలలో దాగిన శిలీంధ్రమును రసాయనాలతో పూర్తిగా నిర్మూలించుట దుస్సాధ్యం.

ఇచ్చట సూడోమోనాస్ ఫ్లోరోసెన్స్ అనే బాక్టీరియా తోడ్పడుతుంది. ఇది వేరు స్రవించే పోషకాలను గ్రహిస్తూ, వేరుపై ముందుగానే స్థావరం ఏర్పరచుకుంటుంది. సిడెరోఫోర్లనే పదార్థాలను విడుదల చేసి, నేలలోని ఇనుమును శిలీంధ్రానికి దక్కనీయదు. 1980లో అమెరికాలో క్లోపర్ మున్నగు శాస్త్రజ్ఞులు ఈ బాక్టీరియా జాతిని నేలలో చేర్చగా ఫ్యుజేరియం తెగులు తగ్గింది. అదే నేలకు ఇనుము చేర్చగా ఆ రక్షణ తొలగిపోయింది. కొన్ని రకాలు శిలీంధ్రనాశకాలను కూడా స్రవిస్తాయి.

ఇంతకన్న ఆశ్చర్యకరమైన విషయం 1991లో నెదర్లాండ్స్‌లో వెల్లడైంది. కార్నేషన్ మొక్కల వేళ్లకు బాక్టీరియాను, కాండానికి శిలీంధ్రమును వేర్వేరుగా అందించారు. రెండూ కలుసుకోకున్నా తెగులు తగ్గింది. అనగా బాక్టీరియా మొక్కలోని రోగనిరోధకశక్తినే మేల్కొల్పిందన్నమాట.

ఆచరణ సులభం. కిలో విత్తనానికి 10 గ్రాముల పొడిని పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తాలి. హెక్టారుకు 2.5 కిలోల పొడిని 50 కిలోల మాగిన పశువుల ఎరువుతో కలిపి తేమగల నేలలో చల్లవచ్చు. ఇది సజీవ పదార్థం గనుక ఎండ తగిలినా, గడువు దాటినా ఫలితముండదు. వాడిన మొక్కను ఇది బ్రతికించజాలదు. తెగులును తట్టుకొనే వంగడం, జొన్నతో అంతరపంట, పంటమార్పిడి దీనికి తోడు కావాలి.

గ్రామాలనుండి వచ్చిన విద్యార్థులు సెలవులలో ఇంటికి వెళ్లినప్పుడు, ఎండిన కంది కాండమును చీల్చి ఆ చారలను పెద్దలకు చూపాలి. రక్షణ విత్తుటకు ముందే ఆరంభం కావాలని వారికి తెలియజెప్పుట మన చదువునకు సార్థకత.