కొన్నవానికే తాళము

పిల్లలాడుకొను కంప్యూటరు ఆటలను గూర్చి పెద్దలకు చెప్పవలసిన దేమున్నదని మీలో కొందరికి తోచవచ్చును. నాకును మొదట నట్లే తోచినది. కాని యీ విషయము ఆటతో తీరునది కాదు. అంగడిలో రొక్క మిచ్చి కొన్న వస్తువు కొన్నవానిది అగునా, కాదా యను ప్రశ్న యిందులో నిమిడి యున్నది. అందుచేత దీనికై మీ కాలమును కొంచె మడుగుచున్నాను.

2011వ సంవత్సరము వేసవిలో మా మనుమడు బెంగుళూరునుండి మా యూరికి వచ్చెను. మాది జమ్మలమడుగు దాపున, పెన్న యొడ్డున నున్న పల్లె. పండుగలకు పెద్దలిచ్చిన డబ్బు కూడబెట్టి, వాడు 999 రూపాయలకు ఒక ఆట కొని తెచ్చుకొనెను. చక్కని అట్టపెట్టె, అందులో ఒక డిస్కు, ఒక చిన్న పుస్తకము. డిస్కును ల్యాప్‌టాపులో పెట్టి యెంతోసేపు కాచుకొని కూర్చుండెను. తెరపైకి బొమ్మ వచ్చినది; సంగీతము వినవచ్చినది; అంతలో, ఇంటర్నెట్టు ద్వారా కంపెనీవారి యనుమతి పొందినగాని ఆట తెరచుకొనదని యొక వ్రాత కనబడినది. మా యూరిలో ఆనాడు ఇంటర్నెట్టు లేదు. సెల్‌ఫోనుకు సయితము మిద్దె యెక్కి, వేపచెట్టు వైపు మూలకు నిలిచినగాని మాట వినబడెడిది కాదు.

“జేజినాయనా, ఇది నెట్టు అడుగుతాంది” అనెను.

“దుడ్లిచ్చి కొన్నావు గదరా, ఇంకా ఎవర్ని అడగల్ల?” అంటిని.

వాడు పెట్టెమీది కంపెనీ పేరు చూపెను. ఆ పేరు మన కక్కరలేదు. ఆ కాలమున అనేకు లట్లే చేయుచుండిరి. పెట్టెను త్రిప్పి కండ్లద్దములు పెట్టుకొని చూడగా, అడుగున చీమతలలంత యక్షరములతో ఆ నిబంధన యచ్చొత్తబడియే యున్నది. బాలుడు దానిని చదువలేదు. నిజము చెప్పవలె నన్న నేనును చదివియుండను.

ఇది పందెపు ఆట కాదు, కాల్పుల ఆటయు కాదు. కథలో మనమే యొక పాత్రయై, దారులు వెదకుచు, చిక్కులు విప్పుచు ముందునకు సాగు సాహసకథా క్రీడ. ఈ జాతి ఆటలు పుట్టిన కథ వినదగినది. అమెరికాలో విల్ క్రౌథర్ అను నాయన కెంటకీ రాష్ట్రములోని మామత్ గుహలలో తిరిగినవాడు. 1975, 76 ప్రాంతమున ఆ గుహలను మనసులో నుంచుకొని, బొమ్మలు లేక కేవలము మాటలతో నడచు ఆట నొకదానిని వ్రాసెను. కొలిమిగుండ్ల దాపున, 2022 వరకు కర్నూలు జిల్లాలో నుండి నేడు నంద్యాల జిల్లాలో జేరిన బెలుం గుహలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. దీపములు లేనికాలమున ఆ గుహలో దిగినా మనుకొనుడు. దారి రెండుగా చీలినది; ఒకవైపు వంగి పోవలెను; క్రిందనెక్కడనో నీటి చప్పుడు. ఎటు పోవుదువని యంత్ర మడుగును. తూర్పునకని మనము వ్రాయుదుము. పోయినచోట నేమున్నదో అది చెప్పును. ఇంతియే ఆట. 1977లో డాన్ వుడ్స్ అను యువకుడు ఒక కంప్యూటరులో దీనిని చూచి, క్రౌథర్ సమ్మతితో పెంచి పెద్దచేసెను. అటుపిమ్మట అది ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు నకలుగా పోవుచు విశ్వవిద్యాలయములన్నిట వ్యాపించెను. ఎవరును వెల యడుగలేదు. నకలు తీయుటచేతనే లోకమున నీ జాతి నిలిచినదనుట అతిశయోక్తి కాదు.

ఆ తరువాత ఆటలు వ్యాపారమైనవి. వ్యాపారముతో భయమును వచ్చినది. ఆ భయము న్యాయము కానిదని నేననను. నా యింట పది సేర్ల కొర్రలుండగా పొరుగువానికి రెండు సేర్లిచ్చినచో నాకు ఎనిమిదియే మిగులును. ఆటకు నకలు తీసి యిచ్చినచో నాయందేమియు తరుగదు, వానికిని సంపూర్ణముగా నుండును. అట్లు ఒకడు కొనగా నూర్గురు నకళ్లు తీసికొన్నచో, రెండు మూడేండ్లు రేయింబవళ్లు కష్టపడి దానిని వ్రాసినవారికి కూలి గిట్టుటెట్లు? సంకరజాతి ప్రత్తిగింజ అమ్మువానికి ఈ చింత లేదు. ఆ గింజ దాచి మరుసటి యేడు విత్తిన పైరు మొదటిదానివలె రాదు. రైతు మరల నంగడికే పోవలెను. అచ్చట ప్రకృతియే తాళము వేసినది. ఆటలు చేయువారు ఆ తాళమును తామే వేయవలసివచ్చినది.

మొదటి తాళములు కాగితపువి. 1986లో సియెర్రా కంపెనీవారు ‘కింగ్స్ క్వెస్ట్’ అను కథలలో మూడవదానిని వెలువరించిరి. అందు మాంత్రికుని యింట దాస్యము చేయు బాలుడు రహస్యముగా మంత్రములు నేర్చి విముక్తుడు కావలెను. ఆ మంత్రవిధులు తెరమీద రావు. పెట్టెలోని పుస్తకమున మాత్రమే యుండును. పుస్తకము చూచి అక్షరము తప్పకుండ కొట్టవలెను. తప్పినచో బాలుడు చచ్చును. కొన్నవానికిని వ్రేలు జారకపోదు గదా!

లూకస్‌ఫిల్మ్ గేమ్స్ వారు 1988లో తెచ్చిన ‘జాక్ మెక్‌క్రాకెన్’ ఆటలో, కథానాయకుడు దేశము విడిచి విమానములో పోవునపుడు, పెట్టెలోని సంకేతపత్రమును చూచి గుర్తులు వేయవలెను. మాటిమాటికి తప్పినచో వానిని చెరసాలలో త్రోసి, నకలు తీయుట దొంగతనమని యుపన్యాసము వినిపింతురు. పత్రము పోగొట్టుకొన్న యమాయకుడును ఆ యుపన్యాసము వినవలసినవాడే. ఆ కంపెనీవారే 1990లో ‘మంకీ ఐలండ్’ అను సముద్రపు దొంగల కథను విడుదల చేసిరి. దానితో రెండు అట్టచక్రము లొకదానిపై నొకటి కూర్చి యిచ్చిరి. తెరమీద నొక దొంగ మొగము కనబడును. చక్రములు త్రిప్పి, తల పై సగమును గడ్డమువైపు సగమును కలిపి ఆ మొగమునే తెచ్చి, రంధ్రములో కనబడిన సంవత్సరమును కొట్టిన ఆట తెరచుకొనును.

ఇంతకంటె ముందే, 1985లో ఇంగ్లండున లెన్స్‌లాక్ అను ప్లాస్టిక్ కటక మొకటి వచ్చినది. తెరమీద చెదరగొట్టి చూపిన యక్షరములను ఆ కటకములోనుండి చూచి చదువవలెను. టీవీ మరీ పెద్దదైనను చదువ వీలులేదు. పైగా ‘ఎలీట్’ అను ఆట పెట్టెలు కొన్నింటిలో వేరొక ఆట కటకము పెట్టి పంపిరి! ఆ పెట్టెలు కొన్నవారు రూకలిచ్చి, సరియైన డిస్కో కేసెట్టో చేతబట్టుకొని, తమ తప్పేమియు లేకయే వాకిట నిలిచిపోయిరి.

ఈ కాగితపు తాళములపై నాకంత కోపము లేదు. అట్టచక్రము త్రిప్పుట పిల్లలకు కొంత వేడుకయే. తాళపుచెవి మన యింట నున్నది. పోయినచో ఎలుకదో సున్నము వేయించిన నాటి యలజడిదో తప్పు. తెల్లవారినది మొదలు కంపెనీవాని గడప త్రొక్కవలసిన పని లేదు.

తరువాత వచ్చినవి వేరు. సీడీల కాలమున, ఆడునంతసేపు అసలు డిస్కు యంత్రములోనే యుండవలెనను నియమము వచ్చెను. గీతపడిన డిస్కు గచ్చున పారవేయవలసినదే. 2000 తరువాత స్టార్‌ఫోర్స్ వంటి తాళములు కంప్యూటరు లోలోపలికి జొరబడి, యజమానికి తెలియని యొక పరికరమును నాటి, అచ్చట కాపురముండసాగినవి. ఆట తీసివేసినను అవి పోవని, డిస్కు తిరుగు భాగమును చెడగొట్టుచున్నవని కొన్నవారు మొఱపెట్టగా, ఫ్రాన్సుదేశపు యుబిసాఫ్ట్ కంపెనీవారు 2006లో దానిని మానివేసిరి. అంతకు ముందేడు, 2005లో, సోనీ బీఎమ్‌జీ వారి పాటల సీడీలు ఇట్లే దొంగచాటుగా కంప్యూటరులో నొక పరికరమును దాచుచున్నవని బయటపడి, వానిని వెనుకకు తీసికొనవలసివచ్చెను. పాలు కొన్నందులకు పాలవాని మనిషి మన వంటయింట కూర్చుండి, మనము పొరుగువారికి మజ్జిగ పోయుచున్నామేమో యని కనిపెట్టుచున్నట్లు లేదా?

ఇట్టి పరికరముల వలన మరియొక యనర్థము కలిగినది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు, సేఫ్‌డిస్క్, సెక్యూరామ్ అను పాత తాళములు యంత్ర భద్రతకు చేటని మైక్రోసాఫ్టువారు వానిని లోనికి రానీయలేదు. అప్పటినుండి ఆ తాళములు గల డిస్కులు ఎంత భద్రముగా నుంచుకొన్నను క్రొత్త యంత్రమున ఉన్నవున్నట్లుగా తెరచుకొనుట లేదు.

ఇక ఇంటర్నెట్టు తాళము. 2010లో యుబిసాఫ్ట్ వారే, ఆడునంతసేపును తమ యంత్రముతో సంబంధముండి తీరవలెనని నిర్ణయించిరి. మార్చి నెలలో వారి యంత్రములపై నెవరో దాడి చేయగా, దుకాణములో వెల చెల్లించిన వారికి ఆట నడువలేదు. దొంగప్రతి తెచ్చుకొన్నవానికో? దొంగప్రతులు చేయువా డన్నిటికంటె ముందు తాళమునే ఊడదీయును. కనుక వాని ప్రతి కనుమతి అక్కరలేదు, చక్ర మక్కరలేదు, మిద్దె యెక్కవలసిన పని లేదు. ఆలస్యముగానైనను తాళ మూడిపోవుచునే యుండెను. తుదకు బాధ యంతయు కొన్నవానికే మిగిలినది. ఆటగాండ్ర కోపమునకు మూలమిది, ఆటవెల కాదు.

మన చట్టమేమనుచున్నదో కూడ చెప్పెదను. 1957 నాటి కాపీరైటు చట్టము 52వ సెక్షనులో, కంప్యూటరు ప్రోగ్రామును న్యాయముగా పొందినవాడు, అది పోవునేమో చెడునేమో యను జాగ్రత్తకొరకు నకలు తీసి యుంచుకొనుట తప్పు కాదని యున్నది. 2012లో చేర్చిన 65ఏ సెక్షను, హక్కును భంగపరచు తలంపుతో తాళము పగులగొట్టినవానికి రెండేండ్లవరకు ఖైదును జుర్మానాయు విధించును. తలంపు అను మాట అందులో నుండుటచేత, స్వంత జాగ్రత్తకొరకు చేసినవానికి కొంత నీడ కలదు. కాని పల్లెలో కూర్చున్న సామాన్యుడు తాళమెట్లు తీయగలడు? నకలు తీసికొనవచ్చునని చట్ట మనుచున్నది. తీయనీయనని డిస్కు అనుచున్నది.

నకలు అను మాట కడపవారికి క్రొత్తది కాదు. 1820లో కంపెనీ కొలువుపై కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర, ఇచ్చట బంగళా కొని, పండితులకును లేఖకులకును జీతము లిచ్చి, ఊరూరినుండి తాటాకు గ్రంథములను తెప్పించి, పాఠములు సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చొత్తించెను. ఆ బంగళా యుండినచోటనే నేడు బ్రౌను గ్రంథాలయ మున్నది. చెదలు తినిన యాకులు పోయినవి. నకలు దిగినవి మిగిలినవి. ఆ యాకులకు నకలు తీయనీయని తాళ ముండినచో మనకు నేడేమి మిగిలియుండునో మీరే యూహింపుడు. పూర్వకవికి రాజో దాతో అన్నము పెట్టెను, ఆట చేసినవానికి అమ్మకమే యన్నము, కనుక ఈ పోలిక కొంతవరకే చెల్లునని నేనెరుగుదును. అయినను, అమ్మకము ముగిసి యిరువదేండ్లైన వస్తువునకును అదే తాళ మెందులకు?

ఈ ప్రశ్న ఇతర దేశములందును పుట్టినది. తాళము విప్పుటను నిషేధించు చట్టము అమెరికాలో 1998లో వచ్చెను. అయితే వాడుకలో లేని రూపమున నున్న పాత ప్రోగ్రాములకు, ఆటలకు 2003లో అక్కడి వారు మినహాయింపు నిచ్చిరి. పాత సాహసకథలను క్రొత్త యంత్రములపై నాడించు స్కమ్‌వీఎమ్ అను ప్రోగ్రామును 2001లో కొందరు యువకులు వ్రాసి యూరకయే యిచ్చిరి. పోలెండులో 2008లో పాత ఆటలను తాళము లేకయే యమ్ము అంగడి యొకటి వెలసి, నేటికిని నడచుచున్నది. తాళము లేకున్నను జనులు వెల యిచ్చి కొనుచునే యున్నారు.

మీ యింటి పిల్లవా డెవడైన ఆట కొనుట కడిగినచో, ఇది నెట్టు లేక నడచునా, క్రొత్త కంప్యూటరు కొన్నప్పుడు మరల పెట్టుకొనవచ్చునా యని అంగడివాని నడిగి, పిదప రూకలు తీయుడు.

మా మనుమడు మరునాడు నాతో ప్రొద్దుటూరు బస్సెక్కెను. అచ్చట ఇంటర్నెట్టు దుకాణమున గంటసేపు కూర్చుండి యనుమతి తెచ్చుకొనెను. ఆ వేసవియంతయు సంతోషముగా నాడెను. రెండుచోట్ల చిక్కుపడి నన్నును సలహా యడిగెను. 2019లో వాడు కొలువులో చేరి క్రొత్త కంప్యూటరు కొని, మా యింటి అటకమీద దాచిన ఆ పెట్టెను దింపి మరల పెట్టిచూచెను. ఈ మారు మా యూరిలో ఇంటర్నెట్టున్నది. అనుమతి యిచ్చు కంపెనీ యంత్రమే పలుకలేదు. దానిని మూసివేసి చాలకాలమైనదట. డిస్కును వెలుతురులో త్రిప్పి చూచితిమి. ఒక గీతయైనను లేదు.