గిటార్ స్వరాలు ఒకదానిలో ఒకటి ఎలా కరిగిపోతాయి?

షూగేజ్ అనే గిటార్ సంగీతంలో ఒక పాట మొదటిసారి వింటే ఏ తీగ ఎప్పుడు మోగిందో పట్టుకోలేం. పాడేవారి గొంతు కూడా గిటార్ల వెనకెక్కడో వినిపిస్తుంది. అదంతా కావాలని చేసిందే.

1980ల చివర బ్రిటన్‌లో ఈ సంగీతం రూపుదిద్దుకుంది. వాయించేవాళ్లు వేదిక మీద ఎక్కువగా తల వంచుకునే కనిపించేవారు. ఎందుకు? కాళ్ల దగ్గర వరసగా పెడళ్లు ఉంటాయి. పాట మధ్యలో వాటిని నొక్కుతూ శబ్దాన్ని మార్చాలి మరి!

డిస్టార్షన్ పెడల్ సిగ్నల్‌ను ఎంతగా పెంచుతుందంటే, తరంగాల కొనలు తెగిపోతాయి. దాంతో అసలు స్వరం మీద కొత్త పైస్వరాలు పుట్టి గిటార్ గరగరలాడుతుంది. రివర్బ్ పెడల్ ఏమో, పెద్ద గుడి మండపంలో చప్పట్లు కొట్టినట్టు, ప్రతిధ్వనులను కలిపేస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గిటార్ వాద్యకారుడు కెవిన్ షీల్డ్స్ పద్ధతి. గిటార్‌కు ఉండే ట్రెమొలో ఆర్మ్ అనే కడ్డీని పట్టుకునే ఆయన తీగలు మీటుతాడు. కడ్డీ కదిలితే తీగల బిగువు మారుతుంది. బిగువు మారితే శ్రుతి ఊగుతుంది. ఆయన బృందం మై బ్లడీ వాలెంటైన్ 1991లో తెచ్చిన ‘లవ్‌లెస్’ ఆల్బమ్‌లో ఈ ఊపు బాగా తెలుస్తుంది.

షూగేజ్‌కు దగ్గరిదే, ఇంకాస్త మెత్తనిది డ్రీమ్ పాప్. ఆ శైలిలో పాడే స్కాట్లండ్ బృందం కాక్టో ట్విన్స్ గాయని ఎలిజబెత్ ఫ్రేజర్ పాటల్లో చాలాచోట్ల మాటలు తెలియవు. అయినా మనసు కదులుతుంది.

1990ల మధ్యకల్లా శ్రోతలు గ్రంజ్, బ్రిట్‌పాప్ అనే వేరే రాక్ శైలుల వైపు మళ్లారు. స్లోడైవ్ అనే షూగేజ్ బృందం 1995లో ఆగిపోయింది. తర్వాత ఇంటర్నెట్‌లో కొత్త తరం ఆ పాటలను వెతికి విన్నది. 2014లో స్లోడైవ్ సభ్యులు మళ్లీ కలిశారు. 2017లో కొత్త ఆల్బమ్ తెచ్చారు.

మీరూ వినండి. ఫోన్ స్పీకర్‌లో కాదు, హెడ్‌ఫోన్లతో. సౌండ్ మాత్రం తక్కువ పెట్టుకోండి.